సింప్సన్స్ 633వ ఎపిసోడ్: తిట్లనూ మెచ్చుకోళ్లనూ విడదీసే ప్రాజెక్టు డైరీ

ఎంచుకున్న ఎపిసోడ్ ‘నో గుడ్ రీడ్ గోస్ అన్‌పనిష్డ్’. సింప్సన్స్ అనే అమెరికన్ కార్టూన్ సీరియల్ 29వ సీజన్‌లో 15వది, మొత్తం మీద 633వది. అమెరికాలో ఫాక్స్ చానల్లో 2018 ఏప్రిల్ 8న, ఆదివారం రాత్రి వచ్చింది. దాని మీద జనం రాసిన వ్యాఖ్యలు ఏరుకొచ్చి, ఎవరికి ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో కనబడేలా ఒక పట్టిక కట్టడం పని. ‘మిశ్రమ స్పందన’ అని రెండు మాటల్లో తేల్చేయడం వార్తలకు సరిపోతుంది. లెక్క కట్టాలని కూర్చున్నవాళ్లకు మాత్రం ఆ రెండు మాటలు ఎందుకూ పనికిరావు.

కథ తెలియనివాళ్ల కోసం కొంచెం నేపథ్యం. క్విక్-ఈ-మార్ట్ అనే దుకాణం నడిపే భారతీయ పాత్ర అపూ 1990 ఫిబ్రవరి 25న మొదటిసారి తెరమీదికొచ్చింది. గొంతు హ్యాంక్ అజేరియాది. ఆయన భారతీయుడు కాడు. 2017 నవంబరులో హరి కొండబోలు తీసిన డాక్యుమెంటరీ ‘ద ప్రాబ్లమ్ విత్ అపూ’ వచ్చింది. కొండబోలు న్యూయార్క్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన కమెడియన్. అమెరికా టీవీలో మనలాంటివాళ్లకు చాలాకాలం దిక్కు ఆ ఒక్క కార్టూన్ దుకాణదారేననీ, ఆ యాసను బడిలో పిల్లల మీదికి వెక్కిరింతగా వదిలేవారనీ ఆయన వాదన. దానికి సింప్సన్స్ రాసేవాళ్లు తెరమీద చెప్పిన జవాబే ఈ ఎపిసోడ్‌లోని ఒక చిన్న దృశ్యం.

1వ వారం: ఒక్క కాలమ్‌తో బోల్తా

మొదటి షీటులో మూడే కాలమ్‌లు పెట్టాం: వ్యాఖ్య, తేదీ, మార్కు. మార్కు 1 నుంచి 10 దాకా. వంద వ్యాఖ్యలు దాటకముందే ఇది కుదరదని తేలిపోయింది.

ఎందుకో చెప్పడానికి పదిమంది చాలు. అయిదుగురు 10 వేశారు, అయిదుగురు 1 వేశారు అనుకోండి. సగటు 5.5. ఇంకో ఎపిసోడ్‌కు అయిదుగురు 5, అయిదుగురు 6 వేశారు. దానికీ సగటు 5.5. మొదటిది ఇల్లు రెండుగా చీలిన గొడవ, రెండోది ఎవరికీ పట్టని ఆదివారం. సగటు చూస్తే రెండూ ఒకటే. ప్రామాణిక విచలనం, అంటే మార్కులు సగటుకు ఎంత దూరంగా చెదిరాయో చెప్పే అంకె తీస్తే మొదటిదానికి 4.5, రెండోదానికి 0.5. అందుకని ఈ పట్టికలో సగటు ఒక్కటే ఎక్కడా రాయకూడదని నియమం పెట్టుకున్నాం. రాస్తే పక్కనే విచలనం, దాని పక్కన ఏ మార్కు ఎందరు వేశారో చూపే కడ్డీలు ఉండాలి.

లైకుల సంఖ్యతో గుణించి బరువు కడదామన్న ఆలోచన రెండు రోజుల్లోనే వదిలేశాం. ముందొచ్చిన వ్యాఖ్యకు లైకులు ఎక్కువ పడతాయి, ఆలస్యంగా వచ్చినదానికి పడవు. అలా కడితే కొలిచేది అభిప్రాయాన్ని కాదు, ఎవరు ముందు టైపు చేశారన్నదాన్ని.

2వ వారం: దేని గురించి అన్నారు?

అసలు చిక్కు ఇక్కడుంది. ఎపిసోడ్‌కు అరగంట స్లాటు. ప్రకటనలు తీసేస్తే ఇరవై నిమిషాల పైచిలుకు. అందులో గొడవకు కారణమైన ముక్క నిమిషం కూడా లేదు. కానీ వ్యాఖ్యల్లో ఎక్కువ భాగం ఆ ముక్క చుట్టూనే తిరుగుతాయి. కాబట్టి ‘నచ్చిందా లేదా’ అనే కాలమ్‌కు ముందు ‘దేని గురించి’ అనే కాలమ్ రావాలి. ఏడు గుర్తులు పెట్టాం.

క: మంచం మీద తల్లి మార్జ్, కూతురు లీసా కూర్చుని ఉన్న దృశ్యం. ఖ: మార్జ్ చిన్నప్పటి పుస్తకం కథ. గ: తండ్రి హోమర్, కొడుకు బార్ట్ మధ్య యుద్ధం. ఘ: అపూ పాత్ర, దాని ముప్పై ఏళ్ల చరిత్ర. చ: షో మొత్తం. ఛ: డాక్యుమెంటరీ, దాన్ని తీసినాయన. జ: తోటి వ్యాఖ్యాతలు.

ఒక వ్యాఖ్యను మూడు వరుసలదాకా విడగొట్టొచ్చు. శిక్షణ కోసం మేమే కల్పించుకున్న వాక్యం ఇది: “హోమర్ మీద బార్ట్ వ్యూహం పన్నడం పడీపడీ నవ్వించింది గానీ, లీసా చేత ఆ మాట అనిపించడం అన్యాయం.” ఇది గ గుర్తుకు మెచ్చుకోలు, క గుర్తుకు తిట్టు. ఒకే వరుసలో పెట్టి ‘మిశ్రమం’ అని రాస్తే రెండు గట్టి అభిప్రాయాలు కలిసి ఒక నీళ్ల మజ్జిగ అవుతాయి.

క దృశ్యాన్ని ఇంకా చిన్న ముక్కలు చేయాల్సి వచ్చింది. కథలో మార్జ్ తను చిన్నప్పుడు ప్రేమించిన పుస్తకాన్ని లీసాకు చదివిపెట్టబోయి, అందులోని జాతి దురభిమానం చూసి కంగుతింటుంది. నొప్పించే మాటలన్నీ తీసేసి మళ్లీ రాస్తుంది. అలా రాశాక కథలో పస పోయిందని లీసా అంటుంది. మరి నన్నేం చేయమంటావని తల్లి అడిగితే, లీసా నేరుగా కెమెరా వైపు తిరిగి, దశాబ్దాల కిందట మొదలై అందరి మెప్పూ పొంది, ఎవరినీ నొప్పించనిది ఇప్పుడు తప్పుగా కనిపిస్తోందని, ఏం చేయగలమని అంటుంది. ఆమె చూపు మంచం పక్కనున్న ఫొటో మీదికి వెళ్తుంది. అది అపూ ఫొటో. దాని మీద ‘డోంట్ హావ్ ఎ కౌ’ అని రాసుంటుంది. కొన్ని సంగతులు తర్వాత చూసుకుందాం అంటుంది మార్జ్. చూసుకుంటేనే కదా, అంటుంది లీసా. తర్వాత ఇద్దరూ మాటలేకుండా మనవైపే చూస్తారు.

ఇందులో జనం పట్టుకునే కొసలు నాలుగున్నాయి: ఆ మాట చెప్పింది లీసా కావడం, ‘ఎవరినీ నొప్పించనిది’ అనే వర్ణన, ఫొటో మీది రాత, ఆఖరి మౌనం. క1 నుంచి క4 దాకా పేర్లు పెట్టాం. క1ను విడిగా ఉంచకపోతే పట్టిక పనికిరాకుండా పోతుంది. లీసా ఎప్పుడూ న్యాయం పక్షాన నిలబడే పిల్ల. మాంసం మానేసింది, ఊరంతా ఎదురుతిరిగినా నిజం చెబుతుంది. అదే మాట హోమర్ అని ఉంటే తిట్టేవాళ్లలో సగానికి సగం మంది నవ్వి ఊరుకునేవాళ్లని మా అనుమానం. దాన్ని రుజువు చేసే దారి మాత్రం ఈ ప్రాజెక్టులో లేదు.

3వ వారం: చూసినవాళ్లా, క్లిప్ చూసినవాళ్లా

ఇంకో కాలమ్ కలిపాం: ‘చూశారనడానికి ఆధారం’. వ్యాఖ్యలో ఆ మంచం దృశ్యపు క్లిప్‌లో లేని సంగతి ఏదైనా ఉంటే ‘ఉంది’. ‘చూడలేదు గానీ’ అని వాళ్లే చెప్పుకుంటే ‘లేదు’. తక్కినవన్నీ ‘తెలియదు’. మొదట్లో ‘తెలియదు’ను కూడా ‘లేదు’లోనే కలిపేశాం. అది తప్పు. పొట్టి వ్యాఖ్య రాసినవాళ్లందరూ ఎపిసోడ్ చూడనివాళ్లయిపోతారు.

ఈ కాలమ్ ఎందుకంటే, క్లిప్ ఒక్కటే చూస్తే లీసా హఠాత్తుగా ఎక్కడినుంచో ఊడిపడి ఉపన్యాసం ఇచ్చినట్టుంటుంది. ముందు కథ చూసినవాళ్లకు పుస్తకం ముచ్చట, ఫొటో ముచ్చట ఒకే వాదనకు రెండు సగాలని తెలుస్తుంది. తెలిసినంత మాత్రాన నచ్చాలని లేదు. ఇరవై నిమిషాలు తిప్పితిప్పి చివరికి చేతులెత్తేశారా అని ఇంకా మండిపడొచ్చు. కానీ ఆ కోపం, ఈ కోపం ఒకటి కావు. పట్టికలో వాటికి వేరువేరు వరుసలు కావాలి.

4వ వారం: తేదీలు

షీటులోకి దించిన కొన్ని వ్యాఖ్యలకు ఆగస్టు 4 అని తేదీ పడింది. అమెరికావాళ్లు నెల ముందు రాస్తారు. వాళ్ల 4/8ని మన దేశపు సెట్టింగులో ఉన్న షీటు నాలుగో తేదీ ఎనిమిదో నెలగా చదివింది. 4/13 లాంటివి తేదీగా మారక అక్షరాలుగా మిగిలిపోయాయి కాబట్టి వాటిని పట్టుకోవడం తేలిక. 12లోపు రోజులే చడీచప్పుడు లేకుండా చెడిపోతాయి. మందు: దించేముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టి, తర్వాత సంవత్సరం-నెల-రోజు క్రమంలో మార్చుకోవడం.

గంటల సంగతి కూడా చూడాలి. తూర్పు అమెరికాలో ఆదివారం రాత్రి 8 అంటే మనకు సోమవారం పొద్దున 5:30. పశ్చిమ తీరంలో అదే ఎపిసోడ్ మూడు గంటలు ఆలస్యంగా, మనకు 8:30కి. ఈ మధ్యలో కాలిఫోర్నియా నుంచి వచ్చిన వ్యాఖ్య చాలావరకు క్లిప్ చూసి రాసిందే. ఏప్రిల్ కాబట్టి వేసవి సమయం నడుస్తోంది, తేడా 9 గంటల 30 నిమిషాలు. చలికాలపు తేడా 10:30 వేస్తే అంతా గంట పక్కకు జరుగుతుంది.

కాలాన్ని నాలుగు దఫాలుగా కోశాం. మొదటిది తొలి 24 గంటలు. రెండోది అక్కణ్ణుంచి ఏప్రిల్ 24 దాకా. ఆ రోజు అజేరియా స్టీఫెన్ కోల్బేర్ టాక్ షోలో, అవసరమైతే పాత్ర నుంచి తప్పుకుంటానన్నాడు. మూడోది అక్కణ్ణుంచి 2019 ఆఖరు దాకా. నాలుగోది 2020 జనవరి తర్వాత, అంటే ఇక అపూకు గొంతు ఇవ్వనని అజేరియా ప్రకటించాక. నాలుగో దఫాలో రాసినవాళ్లకు కథ ముగింపు ముందే తెలుసు. వాళ్ల మాటను తొలిరాత్రి మాటతో కలిపి లెక్కవేయడమంటే పరీక్ష పేపర్‌తో పాటు జవాబులు కూడా ఇచ్చి మార్కులు పోల్చినట్టే. దఫాకు 150 చొప్పున మొత్తం 600 వ్యాఖ్యలు.

రెండు, మూడు దఫాల సరిహద్దులో ఇంకో కలుపు మొక్క ఉంది. 2018 ఏప్రిల్ 29న సింప్సన్స్ 636వ ఎపిసోడ్‌తో ‘గన్‌స్మోక్’ అనే పాత అమెరికన్ సీరియల్ పేరిట ఉన్న 635 ఎపిసోడ్ల రికార్డు దాటింది. ఆ వారంలో ‘ఇన్నేళ్లు చాలు, ఇక ముగించండి’ అనే మాటలూ, జేజేలూ కలిసి వరదలా వచ్చాయి. అవన్నీ చ గుర్తు కిందికే పోవాలి. 633కు అంటగట్టకూడదు.

5వ వారం: తెలుగు వ్యాఖ్యలు, అసలు తిప్పలు

తెలుగువాళ్లు రాసినవి విడిగా తీశాం. ముందు వెతుకులాటలోనే చెత్త పడింది. ‘అపూ’ అని వెతికితే సత్యజిత్ రాయ్ సినిమాల మీది వ్యాఖ్యలు వస్తాయి. ఈ దుకాణదారుకు ఆ పేరు వచ్చింది అక్కణ్ణుంచే కాబట్టి ఆ రెండింటికీ చుట్టరికమైనా ఉంది. ‘అప్పు’, ‘ఆపు’ ఏ చుట్టరికమూ లేకుండానే వచ్చిపడతాయి. ‘ఈ షో ఆపు’ అన్నది అపూ గురించి కాదని మనిషికి చెప్పక్కర్లేదు, షీటుకు చెప్పాలి. అపూతోపాటు ‘సింప్సన్’, ‘లీసా’, ‘కొండబోలు’లో ఒక్కటైనా ఉండాలన్న షరతు పెట్టాక చెత్త చాలావరకు వదిలింది.

తర్వాత నకళ్లు. ఒకే వ్యాఖ్య రెండుసార్లు ఉన్నా షీటు పట్టుకోలేదు. కారణం కంటికి కనబడదు. ‘ఎపిసోడ్‌లో’ అని రాసేటప్పుడు డ తర్వాత ‘లో’ కిందికి ఒత్తుగా దిగకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో ఒక సున్నా వెడల్పు గుర్తు పెడతాయి. కొన్ని పెట్టవు. చూపుకు దగ్గరగానే ఉంటాయి, యంత్రానికి మాత్రం రెండు వేరే మాటలు. నకళ్లు ఏరేముందు ఆ గుర్తును తీసేసిన కాపీ ఒకటి పక్క కాలమ్‌లో చేసుకుని, దాన్నే పోల్చాలి. అసలు కాలమ్‌ను ముట్టుకోవద్దు. దాన్లో తీసేస్తే ‘ఎపిసోడ్లో’ అని ఒత్తు పడి చదవడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

రోమన్ లిపిలో రాసిన తెలుగు ఇంకో బాధ. ‘బాగుంది’ని ఒకరు ఒక ‘ఏ’తో, ఇంకొకరు రెండింటితో, మరొకరు చివర్లో ‘హెచ్’ తగిలించి రాస్తారు. వీటికోసం రూపాల జాబితా కట్టాం. వంద రూపాలు చేరేసరికి, చేత్తో చదవడమే తొందరగా అవుతుందని అర్థమైంది. 600కి ఆ పని చెల్లుతుంది. 60,000కి చెల్లదు.

ఇక మెప్పును, తిట్టును యంత్రంతో వేరుచేసే ప్రయత్నం. ‘లేదు’ ఉంటే తిట్టు అనే నియమం పెట్టి చూశాం. పొద్దున పెట్టిన నియమం మధ్యాహ్నానికల్లా చచ్చిపోయింది. ‘నచ్చలేదు’, ‘బాలేదు’ సరే. ‘పర్లేదు’లోనూ చివర ‘లేదు’ ఉంది, అది మెచ్చుకోలుకు పక్కింట్లో ఉండే మాట. ‘నచ్చకపోలేదు’ అయితే తిరగేసి చెప్పిన మెప్పు. ‘తీసిపారేయాల్సిందేం లేదు’ కూడా అంతే. ‘ఇంతకంటే బాగా తీయడం ఎవరివల్లా కాలేదు’ అనేది నిజంగా అన్నాడో ఎత్తిపొడిచాడో పక్కన ఎమోజీ బొమ్మ లేకపోతే మనిషికే తెలియదు. తెలుగులో కాదనడం క్రియ కడుపులోనే ఉంటుంది. మాటల జాబితాతో దాన్ని బయటికి లాగలేం. కనీసం మాట చివరి ముక్కనూ, దాని ముందున్న ‘క’నూ కలిపి చూడాలి. ‘నచ్చక+పోలేదు’, ‘చెప్పక+తప్పదు’ లాంటి జంటలకు విడి జాబితా ఉంటే కొంత మేలు.

ఎత్తిపొడుపులు విడి తరగతి. “ఆహా, ఏం న్యాయం చెప్పావమ్మా లీసా!” దీంట్లో ఒక్క చెడ్డ మాటా లేదు. ఇలాంటివి ‘ఎత్తిపొడుపు’ అనే విడి గుర్తుతో, చదివి గుర్తులు వేసే ఇద్దరూ ఒప్పుకుంటేనే తిట్టు కింద పడతాయి.

ఇంగ్లిషు వ్యాఖ్యల్లో దీనికి తోబుట్టువు ‘వరస్ట్ ఎపిసోడ్ ఎవర్’. ఆ ముక్కను సింప్సన్స్‌లోని కామిక్ బుక్ గై 1997 ఫిబ్రవరి 9 నాటి ఎపిసోడ్‌లో అన్నాడు. అతిగా గొణిగే అభిమానుల మీద వేసిన చురక అది. అప్పట్నుంచి అభిమానులు దాన్నే తిరిగి వాడుకుంటున్నారు, కొందరు కోపంగా, ఎక్కువమంది సరదాగా. యంత్రం మాత్రం ప్రతిసారీ నూటికి నూరు తిట్టుగా మార్కు వేస్తుంది. మా నియమం: ఆ మూడు మాటలే ఉండి వేరే ఏమీ లేకపోతే ‘తేలనిది’. పక్కన కారణం రాస్తేనే తిట్టు.

అపూ ఊతపదం ‘థ్యాంక్యూ, కమ్ అగైన్’ కూడా ఇలాగే. ఒకరికి అది చిన్నప్పటి ముద్దుమాట. ఇంకొకరికి బడి వరండాలో వీపు వెనక వినబడ్డ వెక్కిరింత. ఆ తేడా వాక్యంలో కాదు, రాసినవాళ్ల బతుకులో ఉంటుంది. మనం ఊహించి మార్కు వేయకూడదు. ‘తేలనిది’.

ఫొటో మీది రాతను యంత్రానువాదంలో పెడితే ఆవు గురించిన సలహాగా మారింది. అసలు అర్థం ‘ఉడుక్కోకు’ అని. బార్ట్ పాత ఊతపదం. ఆవును పూజించే ఇంటినుంచి వచ్చిన పాత్ర ఫొటో మీద అది రాయడంలో ఇంకో పొర ఉంది. తెలుగు వ్యాఖ్యల్లో క3 గురించిన మాట వస్తే ఆ పొర పట్టుకున్నారా లేదా అని విడిగా రాసుకున్నాం.

‘మనవాడు’ అనే మాటకు కూడా నియమం కావాల్సి వచ్చింది. కొండబోలు ఇంటిపేరు చూసి మురిసిపోయిన వ్యాఖ్య ఛ కింద మెచ్చుకోలు, అంతే. ఎపిసోడ్ మీద తీర్పు కాదు. మనవాడు అంటూనే ‘ఈ చిన్నదానికి అంత రాద్ధాంతం ఎందుకు’ అన్నవాళ్లకు ఛలోనే రెండు వరుసలు, ఎదురెదురు గుర్తులతో.

6వ వారం: ఇద్దరు చదివితే ఎంత కలిసింది

ప్రతి వ్యాఖ్యనూ ఇద్దరు విడివిడిగా చదివి గుర్తులు వేయాలి. పక్కపక్కన కూర్చోకూడదు. ఏకీభావాన్ని శాతంలో చెబితే మోసపోతాం. గాలివాటుగా కలిసే వాటా తీసేసి ఏకీభావాన్ని కొలిచే అంకె, 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన కప్పా వాడాలి. లెక్క ఇలా ఉంటుంది.

వంద వ్యాఖ్యలు. ఇద్దరూ 84 చోట్ల కలిశారు. ఇద్దరూ చెరో 60 తిట్లు, 40 మెచ్చుకోళ్లు వేశారనుకుంటే, కళ్లు మూసుకుని వేసినా కలిసే అవకాశం 0.6×0.6 + 0.4×0.4 = 0.52. కప్పా = (0.84 − 0.52) ÷ (1 − 0.52) = 0.67. ఫర్వాలేదనిపించే అంకె. ఇప్పుడు అదే 84, కానీ చెరో 90 తిట్లు, 10 మెచ్చుకోళ్లు వేశారు. కళ్లు మూసుకుంటే కలిసేది 0.82. కప్పా = 0.02 ÷ 0.18 = 0.11. అంటే చదవకుండా అన్నింటికీ తిట్టు అని రాసిపారేసినా దాదాపు ఇంతే. క గుర్తు ఒకవైపు బాగా ఒరిగినది కాబట్టి అక్కడే ఈ వల పడుతుంది. గుర్తుగుర్తుకూ కప్పా విడిగా తీయాలి. 0.6 దాటనిదాన్ని చివరి చార్టు బొమ్మలోకి ఎక్కించకూడదని గీత గీసుకున్నాం.

ఎక్కడ విడిపోతారంటే, ఎక్కువగా ఘ, క మధ్య. “ఆ పాత్రను ఇన్నాళ్లూ ప్రేమించాం, ఇప్పుడు ఇలానా?” ఇది ఎపిసోడ్ మీద కోపమా, డాక్యుమెంటరీ మీద కోపమా? ‘ఇప్పుడు ఇలానా’లోని ‘ఇలా’ దేన్ని చూపిస్తోందో తెలియదు. నియమం పుస్తకంలో ఒక వాక్యం చేర్చాం: ‘ఇలా, ఇది, అలాంటిది’ లాంటివి దేన్ని చూపిస్తున్నాయో ముందు వాక్యంలో లేకపోతే గుర్తు వేయొద్దు. తేలనివి పెరిగాయి, కప్పా బాగుపడింది. ఆ బేరం మాకు ఇష్టమే.

పేర్ల సంగతి: వ్యాఖ్య రాసినవాళ్ల పేరు, ఖాతా గుర్తు షీటులో ఉండవు. ఒకరే పదిసార్లు రాశారో లేదో తెలియడానికి అంకె ఒకటి ఇస్తాం. ఆ అంకెల చిట్టా వేరే ఫైల్లో ఉంటుంది, పని అయ్యాక చెరిపేస్తాం. బయటికి చూపే ఉదాహరణ వాక్యాలన్నీ మేం తిరగరాసినవే.

7వ వారం: బొమ్మ

పై కాలమ్‌లలోంచి ఒకే బొమ్మ తీస్తున్నాం. అడ్డంగా ఏడు గుర్తులు, నిలువుగా నాలుగు దఫాలు, ప్రతి గడిలో మూడు కడ్డీలు: మెప్పు, తిట్టు, తేలనిది. తేలనిదాన్ని దాచేస్తే బొమ్మ ముచ్చటగా ఉంటుంది, అబద్ధం కూడా అవుతుంది. గడిలో 10 కంటే తక్కువ వరుసలుంటే కడ్డీ గీయకుండా అంకె మాత్రం రాస్తున్నాం. ఖ, గ గుర్తులకు తర్వాతి దఫాల్లో గడులు ఖాళీ అవుతున్నాయి. హోమర్ మీద బార్ట్ పన్నిన వ్యూహాలు, మార్జ్ తిరగరాసిన పుస్తకం ఎవరూ తలుచుకోవడం లేదు. నాలుగో దఫాలో 633 అంటే మంచం, ఫొటో, అంతే.

మిగిలిన పని క4. ఆఖర్న ఇద్దరూ మనవైపు చూసే చూపును కొందరు ‘సిగ్గుపడుతున్నారు’ అని చదివారు, కొందరు ‘పొగరు’ అని, కొందరు ‘నిస్సహాయత’ అని. మెప్పు, తిట్టు అన్న రెండు గుర్తుల్లో ఇవి పట్టవు. వచ్చేవారం క4కు మూడో కాలమ్ పెట్టి, ఆ చూపుకు వాళ్లు పెట్టిన పేరునే ఉన్నదున్నట్టు దింపుతాం. గుర్తులు వేసే ఇద్దరికీ ఆ దృశ్యాన్ని మరోసారి శబ్దం తీసేసి చూపించాకే మొదలుపెట్టాలి.